శిబ్‌పూర్ తోట పగ్గాలు ఎవరి చేతిలో?

హుగ్లీ నది పడమటి గట్టున, హౌరాను ఆనుకుని ఉన్న శిబ్‌పూర్ ఉద్యానవనంలో ఒక జంట కొబ్బరి చెట్టు పెరిగింది. సీషెల్స్ దీవుల జాతి. ప్రపంచంలోకెల్లా పెద్ద విత్తనం ఈ జాతిదే. 1894లో నాటారు. అది ఆడచెట్టు కావడంతో దానంతట అది కాయ కాయలేదు. 2013లో విదేశం నుంచి తెప్పించిన పుప్పొడిని శాస్త్రవేత్తలు చేత్తో అద్దితే కాయలు పట్టాయి. నాటిన ఏడాదికీ పుప్పొడి అద్దిన ఏడాదికీ మధ్య 119 ఏళ్లు. ఈలోగా దేశ రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లిపోయింది. తెల్లదొరలు పోయారు. తోట పేరు రెండుసార్లు మారింది, దాన్ని నడిపే శాఖా మారింది. ఆ చెట్టుకు మాత్రం ఎవరో ఒకరు నీళ్లు పోస్తూనే వచ్చారు. అది ఎప్పుడు నాటిందో చెప్పే కాగితాన్నీ ఎవరో ఒకరు దాచారు.

ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరన్నదే ఈ కథనం. తోటల గురించి రాసేటప్పుడు చెట్ల లెక్క అందరూ చెబుతారు. అది కూడా చిన్నదేం కాదు: 273 ఎకరాలు, 12 వేలకు పైగా చెట్లు, పక్కనే ఉన్న కేంద్రీయ జాతీయ హెర్బేరియంలో సుమారు 20 లక్షల ఎండు నమూనాలు. ఇప్పటి పూర్తి పేరు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ భారతీయ ఉద్యానవనం. కానీ ఈ తోట తలరాతను తేల్చినవి చెట్ల లెక్కలు కావు. పగ్గాలు ఎవరి చేతిలో, ఎన్నేళ్లు ఉన్నాయి, ఆ చెయ్యి తోటకు ఎంత దూరంలో ఉంది అన్నవే తేల్చాయి.

14 నెలల ఉత్తరం

లెఫ్టినెంట్ కర్నల్ రాబర్ట్ కిడ్ వృక్షశాస్త్రవేత్త కాదు. ఈస్టిండియా కంపెనీ సైనిక బోర్డులో కార్యదర్శి. శిబ్‌పూర్‌లో సొంత తోట ఉండేది. 1786 జూన్ 1న ఆయన గవర్నర్ జనరల్‌కు ఒక ప్రతిపాదన పంపాడు. 1770 నాటి బెంగాల్ కరువు అప్పటికి ఇంకా జనం మరిచిపోయేంత పాతది కాదు. సగ్గుబియ్యం తీసే తాటిజాతి చెట్లు, ఖర్జూరం వంటివి తెచ్చి ఇక్కడ పెంచి పంచితే కరువులో తిండికి ఆదరువు ఉంటుందన్నది కిడ్ వాదన. వింత మొక్కలు చూసి మురిసిపోవడానికి కాదని కూడా రాశాడు. కంపెనీకి లాభం కనిపించే మాటలూ కలిపాడు: సుగంధ ద్రవ్యాలు, ఓడలు కట్టే టేకు. తిండి మాట ఒక్కటే రాసి ఉంటే ఏమయ్యేదో మనం ఊహించుకోవచ్చు.

లండన్‌లోని కంపెనీ డైరెక్టర్ల సభ ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం తేదీ 1787 జులై 31. ప్రతిపాదనకూ అంగీకారానికీ మధ్య 14 నెలలు. ఇది అలసత్వం కాదు, ఆనాటి ఓడల వేగం. పాలనా వరస కూడా అంతే పొడవు: పైన లండన్‌లో డైరెక్టర్లు, వాళ్ల కింద కలకత్తాలో గవర్నర్ జనరల్, ఆయన మండలి, ఆ కింద తోట సూపరింటెండెంట్. అందరికంటే కింద మాలీలు.

అంత దూరం నుంచి నడిపితే ఏమవుతుందో టేకు చెబుతుంది. కంపెనీకి ఓడల కలప కావాలి కాబట్టి టేకు నాటారు. హుగ్లీ ఒండ్రు నేలలో టేకు ఎదిగినట్టే కనిపించి, కలపకు పనికి రాకుండా పోయింది. ఈ నేల దానికి పడదని ఒప్పుకుని పూర్తిగా మానుకోవడానికి మూడు దశాబ్దాలు దాటింది. మాలీకి ఎప్పుడు తెలిసిందో ఏ కాగితంలోనూ ఉండదు.

కిడ్ జీతం లేకుండానే ఆరేళ్లు తోటను చూశాడు. 1793లో పోయాడు. ఆయన స్మారకం తోట నడిబొడ్డున ఉంది.

సామర్లకోట నుంచి వచ్చినాయన

ఆ తర్వాత జీతంతో నియమితుడైన మొదటి సూపరింటెండెంట్‌ను కంపెనీ లండన్ నుంచి తీసుకురాలేదు. మన సామర్లకోట నుంచి తీసుకెళ్లింది.

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండ్ వాడు. 1776లో మద్రాసులో కంపెనీ వైద్యుడిగా చేరి, 1781లో సామర్లకోట చేరాడు. అక్కడ పన్నెండేళ్లు ఉన్నాడు. మిరియం, నీలిమందు, చెరకు, పట్టు, కాఫీ, దాల్చిన: ఏది ఈ నేలలో నిలుస్తుందో తోట వేసి చూశాడు. ఏ రోజు ఎంత వేడి, ఎంత వాన అని రాసిపెట్టుకున్నాడు. స్థానిక చిత్రకారులకు జీతమిచ్చి మొక్కల బొమ్మలు గీయించాడు. మోదుగ, ముష్టి, చిల్ల, నల్లజీడి, అద్దకానికి ఎరుపునిచ్చే చిరివేరు: మన పొలం గట్ల మీద, డొంకల్లో కనిపించే వీటిని తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు.

ఇలా 500 బొమ్మలు, వివరణలు లండన్ వెళ్లాయి. అక్కడ వాటిలోంచి 300 ఏరిన మనిషి జోసెఫ్ బ్యాంక్స్. ఆయన రాయల్ సొసైటీ అధ్యక్షుడు. భారతదేశంలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. శిబ్‌పూర్ తోటలో ఆయనకు ఏ పదవీ లేదు. అయినా ఏ బొమ్మ అచ్చుకెక్కాలన్నది ఆయన చేతిలో ఉంది, తోటల వ్యవహారాల్లో కంపెనీ ఆయన మాట వినేది. తోటను పాలించేవాళ్ల పట్టిక వేస్తే పదవి లేని ఇలాంటి పేర్లకు కూడా ఒక గడి వదలాలి. ఆ 300 బొమ్మలు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో మూడు సంపుటాలుగా 1795 నుంచి 1820 వరకు వెలువడ్డాయి.

రాక్స్‌బర్గ్ 1793 చివర్లో శిబ్‌పూర్ వచ్చేనాటికి తోటలో ఉన్నవి దాదాపు 300 జాతులు. 1813లో ఆరోగ్యం చెడి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది సెరంపూర్‌లో మిషనరీ విలియం కేరీ అచ్చువేసిన తోట జాబితాలో జాతులు సుమారు 3,500. ఇరవై ఏళ్లలో దాదాపు పన్నెండు రెట్లు. ఆయన గీయించిన బొమ్మలు మొత్తం రెండున్నర వేలు దాటాయి. ఒక సెట్టు శిబ్‌పూర్‌లో, ఇంకో సెట్టు లండన్ క్యూ తోటలో ఉన్నాయి. గీసిన చేతుల పేర్లు మాత్రం ఆ బొమ్మల మీద దాదాపుగా కనిపించవు. తర్వాతి తరంలో విష్ణుప్రసాద్, గోరాచంద్ అనే ఇద్దరి పేర్లు నిలిచాయి. సామర్లకోటలో కుంచె పట్టిన మనవాళ్లు ఎవరో, ఏ ఊరివాళ్లో చెప్పే సంతకాలు లేవు. ఒక జాతికి రాక్స్‌బర్గ్ పేరు తగిలించడానికి ఆధారం ఆ బొమ్మే అయినప్పుడు ఈ ఖాళీ కాస్త ఎక్కువే గుచ్చుకుంటుంది.

నది ఒడ్డున ఆయన ఉన్న ఇల్లు తోటలోనే ఉంది. ఇది చిన్న విషయం కాదు. నూటయాభై ఏళ్ల పాటు సూపరింటెండెంటు అంటే తోటలోనే కాపురం. రాత్రి గాలివాన వస్తే తెల్లారి కూలిన మొదటి చెట్టును చూసేది ఆయనే.

ముగ్గురు, 75 ఏళ్లు

1787 నుంచి 1897 వరకు 110 ఏళ్లు. ఇందులో రాక్స్‌బర్గ్ 20, డేన్మార్క్ వైద్యుడు నథానియల్ వాలిక్ 29 (1817–1846), జార్జ్ కింగ్ 26 (1871–1897). ముగ్గురివీ కలిపితే 75. కిడ్ ఆరేళ్లు తీసేస్తే మిగతా వాళ్లందరూ పంచుకున్నది 29 ఏళ్లే. తోటలో ఇవాళ మనకు కనిపించే రూపురేఖల్లో చాలా భాగం ఈ ముగ్గురి కాలానివే.

వాలిక్ వచ్చిన తీరు విచిత్రం. 1808లో ఆంగ్లేయులు డేనుల స్థావరమైన సెరంపూర్‌ను పట్టుకున్నప్పుడు ఆయన బందీ. మొక్కలు తెలిసినవాడని విడిపించి రాక్స్‌బర్గ్ దగ్గర పనికి పెట్టారు. చివరికి ఆ తోటకే అధిపతి అయ్యాడు. ఆయన కాలంలో తోట పంపిణీ కేంద్రంగా మారింది. 1836 నుంచి 1840 వరకు సుమారు 1,90,000 మొక్కలు దాదాపు 2,000 తోటలకు వెళ్లాయి. చైనా నుంచి తెచ్చిన తేయాకు విత్తనాలతో ఇక్కడ 42,000 నారు మొక్కలు పెంచారు: 20,000 అస్సాంకు, 20,000 కుమావూ వైపు హిమాలయ కొండలకు, 2,000 దక్షిణాదికి. అస్సాంలో చివరికి నిలదొక్కుకున్నది స్థానిక తేయాకే అన్నది వేరే కథ. ఈ పంపకంలో ప్రజలకు ఒరిగింది ఎంత, కంపెనీకి మిగిలింది ఎంత అని అడిగితే జవాబు తోట లెక్కల్లో దొరకదు, తేయాకు తోటల కూలీల చరిత్రలో దొరుకుతుంది. దీర్ఘకాలం పాలించారని వీళ్లను పొగిడేటప్పుడు ఆ పాలన ఎవరి కోసమో మరవకూడదు.

తాత్కాలికంగా వచ్చినవాడు ఏం చేయగలడో కూడా వాలిక్ కాలమే చూపించింది. 1842లో ఆయన జబ్బు చేసి సెలవు మీద వెళ్లాడు. రెండేళ్లు విలియం గ్రిఫిత్ తాత్కాలిక బాధ్యత చూశాడు. గ్రిఫిత్ గొప్ప వృక్షశాస్త్రవేత్త, అందులో సందేహం లేదు. తోట మాత్రం ఆయనకు అస్తవ్యస్తంగా కనిపించింది. కుటుంబాల వారీగా, శాస్త్ర వర్గీకరణ ప్రకారం మొక్కలు ఉండాలన్నాడు. పాత చెట్లు నరికించాడు, నీడనిచ్చే వరసలు పోయాయి. 1848లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ కలకత్తా వచ్చి చూసి, పేరుమోసిన సైకస్ చెట్ల వరస కూడా పోయిందని బాధపడుతూ రాశాడు. వర్గీకరణ పూర్తి కాకముందే గ్రిఫిత్ బదిలీ అయ్యాడు, 1845లో మలక్కాలో చనిపోయాడు. నీడ పోయింది, కొత్త క్రమమూ రాలేదు. తర్వాత వచ్చిన సూపరింటెండెంట్లు ఫాల్కనర్, థామ్సన్‌ల సమయం చాలావరకు దీన్ని బాగుచేయడానికే సరిపోయింది.

రెండు తుపానులు, ఒక కింగ్

1864 అక్టోబర్ 5 తుపాను తోటలో వెయ్యికి పైగా చెట్లను, అంటే దాదాపు సగాన్ని కూల్చింది. 1867లో వచ్చిన రెండో తుపాను మిగిలిన వాటిలో వందల చెట్లను తీసుకుపోయింది. నీడ పోయిన నేలను దర్భగడ్డి కమ్మేసింది. అప్పటి సూపరింటెండెంట్ థామస్ ఆండర్సన్ డార్జిలింగ్ కొండల్లో మలేరియా మందు క్వినైన్ ఇచ్చే సింకోనా చెట్లు పెంచే పనిని కూడా మోస్తున్నాడు. ఆ కొండల జ్వరమే చివరకు ఆయన ఆరోగ్యాన్ని తినేసింది.

1871లో వచ్చిన జార్జ్ కింగ్‌కు దొరికింది గడ్డి మైదానం. ఆయన మట్టి తవ్వించి చెరువులు చేశాడు, ఆ మట్టితో మెరక వేశాడు, దారులు వంపులు తిప్పాడు. ఇప్పుడు తోటలో ఇరవైకి పైగా ఉన్న చెరువులు ఒకదానితో ఒకటి కలిసి ఉండటం ఆ కాలపు పనే. 1880లలో హెర్బేరియానికి కొత్త భవనం కట్టించాడు. సింకోనా తోటలూ, మలేరియా మందు తీసే కర్మాగారమూ ఆయన కిందే. 1892 నుంచి బెంగాల్ తపాలా కార్యాలయాల్లో క్వినైన్‌ను పైసా పొట్లాలుగా అమ్మించాడు. ఒక ఉద్యానవనం అధికారి పల్లెటూరి రోగి జేబుకు అందేలా మందు ధర పెట్టించడం ఈ తోట చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన లెక్క.

పాలన దృష్టితో చూస్తే కింగ్ కాలంలో అసలు మలుపు 1890 ఫిబ్రవరి 13. ఆ రోజు భారత వృక్ష సర్వేక్షణ సంస్థ పుట్టింది. దానికి వేరే డైరెక్టర్‌ను వెతకలేదు. శిబ్‌పూర్ తోట సూపరింటెండెంట్ ఎవరైతే వాళ్లే హోదా రీత్యా సర్వే డైరెక్టర్ అన్నారు. అంటే తోట పెద్ద, సర్వే దాని నీడలో ఒక అదనపు బాధ్యత. కింగ్ తర్వాత డేవిడ్ ప్రెయిన్ రెండు టోపీలూ పెట్టుకున్నాడు. 1905లో అక్కడి నుంచి నేరుగా లండన్ క్యూ తోటకు డైరెక్టర్‌గా వెళ్లి 17 ఏళ్లు చేశాడు. శిబ్‌పూర్ కుర్చీ బరువు ఆ రోజుల్లో అంత.

తలకిందులైన టోపీలు

మొదటి భారతీయ సూపరింటెండెంట్ కాళీపద బిశ్వాస్ 1937లో బాధ్యత తీసుకున్నాడు. తోట పెట్టి అప్పటికి 150 ఏళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో తోట పేరులో ‘రాయల్’ పోయి ‘ఇండియన్’ వచ్చింది. మూలనపడ్డ సర్వేను తిరిగి నిలబెట్టడానికి నెహ్రూ పిలిపించిన శాస్త్రవేత్త జానకి అమ్మాళ్. ఆమె 1952లో ప్రత్యేక అధికారిగా చేరింది. 1954లో సర్వేకు కొత్త రూపం వచ్చింది. అప్పటికింకా తోట పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానిదే. 1963 జనవరి 1న దాన్ని కేంద్రం కింద ఉన్న సర్వేకు అప్పగించారు.

ఇక్కడ టోపీలు తలకిందులయ్యాయి. 1890లో తోట అధిపతే సర్వే డైరెక్టర్. 1963 తర్వాత సర్వే డైరెక్టర్ కింద ఉన్న అనేక విభాగాల్లో తోట ఒకటి. ఇవాళ వరస ఇది: ఢిల్లీలో పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ. దాని కింద కోల్‌కతా సాల్ట్ లేక్‌లో సర్వే డైరెక్టర్. ఆయన కింద తోటను చూసే శాస్త్రవేత్త. ఆ కింద విభాగాల పర్యవేక్షకులు, మాలీలు. సర్వేకు కోయంబత్తూరు, షిల్లాంగ్, పుణే, డెహ్రాడూన్, పోర్ట్‌బ్లెయిర్ వగైరా ప్రాంతీయ కేంద్రాలున్నాయి. హైదరాబాద్‌లో దక్కన్ కేంద్రం ఉంది. కేంద్ర సర్వీసులో బదిలీలు సహజం. తోట అధికారి వీటిలో ఏ ఊరి నుంచైనా రావచ్చు, ఏ ఊరికైనా పోవచ్చు.

ఈ మార్పుతో వచ్చిన మంచిని కొట్టిపారేయలేం. తోట మొక్కకూ, అడవిలో సేకరించిన నమూనాకూ, అరుదైన జాతుల పట్టికకూ ఒకే సంస్థలో లంకె కుదిరింది. జీతాలకు ఢోకా లేదు. కానీ చెట్లకు నీళ్లు పోయడం, చెరువుల పూడిక తీయడం, చీకటి పడ్డాక కాపలా వంటి పనులు సర్వే శాస్త్రవేత్త నేర్చుకున్న చదువుకు దూరం. పదోన్నతి వచ్చేది పరిశోధనా పత్రాలకు, పూడిక తీయించినందుకు కాదు. పైగా గేటు లోపల కేంద్రం, గేటు బయట శాంతిభద్రతలు రాష్ట్రానివి, మురుగు కాలువలు హౌరా నగరపాలక సంస్థవి, నది మీద రాకపోకలు పోర్టువి. చెరువుల నీళ్లకు నదితో, ఊరితో సంబంధం ఉంది కాబట్టి ఒక్క చెరువు బాగుపడాలన్నా ఈ కార్యాలయాలన్నీ ఒక మాట మీదకు రావాలి.

క్యూలో పన్నెండు మంది

పోలిక కోసం క్యూ తోటనే తీసుకోవచ్చు. విస్తీర్ణం సుమారు 320 ఎకరాలు, మన తోటకు దగ్గర్లోదే. 1840 దాకా రాజకుటుంబం ఆస్తి, ఆ తర్వాత ప్రభుత్వ శాఖది, అంటే కొంతవరకు మన పద్ధతే. 1983లో బ్రిటన్ పార్లమెంటు చేసిన జాతీయ వారసత్వ చట్టం దాన్ని ఒక ధర్మకర్తల మండలికి అప్పగించింది. మండలిలో 12 మంది. 11 మందిని మంత్రి నియమిస్తారు, ఒకరిని మంత్రి సలహా మీద రాజు లేదా రాణి. ధర్మకర్తలది నిర్ణీత గడువు. రోజువారీ పని డైరెక్టర్‌ది. డైరెక్టర్ జవాబు చెప్పాల్సింది మండలికి, మండలి జవాబు చెప్పాల్సింది మంత్రికి, పార్లమెంటుకు. ఏటా లెక్కలు అచ్చువేసి పార్లమెంటు ముందు పెట్టాలి. ఏ ధర్మకర్త ఎన్ని సమావేశాలకు వచ్చారన్నది కూడా అందులో చూడొచ్చు.

దీనికి ధర ఉంది. మండలికి స్వేచ్ఛ ఇచ్చిన ప్రభుత్వం డబ్బులో పెద్ద వాటాను వాళ్లనే సంపాదించుకోమంది. చాలా దశాబ్దాలు ఒక పెన్నీతో లోపలికి వెళ్లిన తోటలో ఇప్పుడు పెద్దలకు టికెట్ 20 పౌండ్లు దాటింది. శిబ్‌పూర్‌లో పొద్దున్నే నడవడానికి వచ్చే చుట్టుపక్కల జనానికి, ఆదివారం పిల్లలతో వచ్చే కుటుంబాలకు ఆ దారి పనికిరాదు. అలాంటి మండలిని యథాతథంగా ఇక్కడ దించమని నేను అనను. తెచ్చుకోదగ్గవి రెండే: నిర్ణీత గడువున్న ఒక తోట అధిపతి, ఏటా జనం ముందుకు వచ్చే తోట లెక్క.

రెండోది ఈ తోటకు కొత్త కూడా కాదు. కింగ్, ప్రెయిన్‌ల కాలంలో సూపరింటెండెంట్లు ఏటా తోట నివేదిక అచ్చువేసేవారు. ఆ సర్కారు జనానికి జవాబుదారీ కాదు, బెంగాల్ సచివాలయానికి మాత్రమే. అయినా కాగితం మిగిలింది కాబట్టే 1864లో ఏం పోయిందో, తర్వాత ఏం వచ్చిందో ఇవాళ మనం చెప్పుకోగలుగుతున్నాం.

పెద్ద మర్రి సంగతే చూడండి. వయసు 250 ఏళ్ల పైమాటే, అంటే తోటకంటే ముందుది. 19వ శతాబ్దపు తుపానుల్లో దెబ్బతిన్నది. నడిమి కాండానికి బూజు తెగులు సోకితే 1925లో దాన్ని కోసి తీసేశారు. కాండం లేకుండానే 3,600కు పైగా ఊడల మీద నాలుగున్నర ఎకరాల్లో పరుచుకుని ఉంది. ఊడలు నేలకు దిగేలా బొంగులు కట్టి, మట్టి మెత్తన చేసి దారి చూపించేది మాలీలే. 2020 మే 20న వచ్చిన ఆంఫన్ తుపాను తోటలో వందల చెట్లను కూల్చింది, ఈ మర్రిలో కూడా ఒక భాగం పడిపోయింది. కూలిన చెట్లలో ఏ జాతివి ఎన్ని, వాటి స్థానంలో నాటినవి ఎన్ని, అందులో మొదటి ఎండాకాలం దాటినవి ఎన్ని అన్న మూడు అంకెలను ఏటా గేటు దగ్గర బోర్డు మీద రాసిపెట్టడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. తోట కార్యాలయంలో ఒక రిజిస్టరు, దాని కింద సంతకం పెట్టే ఒక అధికారి ఉంటే చాలు.